కొమ్ము కొట్టేసిన జింకు

ఆగస్టు 9

బావగారికి,

రేకులు కత్తిరించే కత్తెర పక్కన పడేసి, చేతులైనా కడుక్కోకుండా మీ వియ్యంకుడు రాస్తున్న ఉత్తరమిది. కాగితం మీద నల్లటి వేలిముద్రలుంటే ఏమనుకోకండి. ఆనందం ఆగలేదు. మా అమ్మాయి మీ జీడిమామిడి తోట రోగం కనిపెట్టేసిందండీ! ఎవరు? మా అమ్మాయి! పుట్టినప్పుడు నా కొట్టులో రేకు ముక్కల మధ్య గోనెపట్టా మీద పడుకున్న పిల్ల!

నిన్న దాని ఉత్తరం వచ్చింది. ఆకుల పరీక్షశాలలో చేరి ఏడు నెలలు కాలేదు, అప్పుడే మీ తోటలోంచి ఆకులు కోసుకెళ్ళి, కడిగి, ఆరబెట్టి, పొడి చేసి, యంత్రంలో పెట్టి చూసిందట. ఆకు ఎందుకు జానెడు ఉండాల్సింది బెత్తెడే ఉంటోందో, కొమ్మ చివర అన్నీ ఒకేచోట గుత్తిగా ఎందుకు ముడుచుకుంటున్నాయో, అంత పూత పూసి గింజ ఎందుకు కట్టడం లేదో అన్నిటికీ ఒకటే కారణమట. ఆ కారణం పేరు నేను రాయను. రాస్తే తప్పు పోతుంది, మీరు దిద్దుతారు. అయినా ఘనత దానిది. మీకు నోటితో చెబితే నచ్చదు కాబట్టి చీటీ రాసి మీ బల్ల మీద పెట్టానంది. ఈపాటికి చదివే ఉంటారు.

నాలుగేళ్ళుగా ఆ చెట్లని చూసి మీరేమన్నారు? "వీటికి బద్ధకం" అన్నారు. చెట్లకి బద్ధకమేమిటండీ, అవి మీ బడి పిల్లలా? గోడకుర్చీ వేయించలేదు, అదే సంతోషం.

మా ఆవిడ పొద్దుటి నుంచి వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. నేను చెప్పాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అందుకే మీకు రాస్తున్నాను.

చెల్లెమ్మగారిని అడిగానని చెప్పండి.

ఇంకా నేల మీద కాలు ఆనని,
మీ వియ్యంకుడు


ఆగస్టు 20

వియ్యంకులవారికి,

మీ ఉత్తరం అందింది. ఒక పేజీలో ఇరవై మూడు తప్పులున్నాయి. దిద్ది దీనితో జతపరిచాను. తీరిక దొరికినప్పుడు చూసుకోగలరు.

కోడలు పెట్టిన చీటీ చదివాను. "ఆకు చిన్నదవడానికీ, గింజ పట్టకపోవడానికీ కారణం జింకు" అని రాసింది. చివర ఆ కొమ్ము అనవసరం. తెలుగులో జింకు అనే మాట లేదు. జింక ఉంది. ఎర్ర సిరాతో కొమ్ము కొట్టేసి, చీటీని ఆమె గదిలో పెట్టించాను. తిరిగి మరొక చీటీ రాసింది. నేను ఒకసారి దిద్దిన పాఠాన్ని మళ్ళీ చూడను. ముప్పై నాలుగేళ్ళుగా నా పద్ధతి అది.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. వ్యాకరణం తప్పినా విషయం సబబుగానే ఉంది. కొమ్మల చివరలను జింకలు కొరుకుతుంటే మిగిలిన ఆకులు గుత్తిగా ముడుచుకోక ఏం చేస్తాయి? లేత పూత వాటి నోట పడితే గింజ ఎక్కడి నుంచి వస్తుంది? తోట చుట్టూ నిలువెత్తు కంచె వేయిస్తున్నాను.

జింకను కనిపెట్టడానికి కళ్ళుంటే చాలు, పరీక్షశాలతో పని లేదు. నలభై ఆకులు కాల్చి బూడిద చేసి అడవి మృగం పేరు చెప్పే ఉద్యోగం మా ఇంటి కోడలికి అవసరమా అన్నది నా ప్రశ్న. కాబట్టి ఇలా నిర్ణయించాను. ఈ కాపుకి కూడా గింజ పట్టకపోతే ఏప్రిల్ మూడో తేదీన ఎనభై రెండు చెట్లూ కొట్టించి ఇటుక బట్టీకి పంపుతాను. అదే రోజున కోడలు ఉద్యోగం మానుతుంది. మావాడు ఒప్పుకున్నాడు. అంటే ఎదురు మాట్లాడలేదు.

ఇట్లు,
పెద్దమేష్టారు (విశ్రాంత)


ఆగస్టు 27

బావగారికి,

మీ ఉత్తరం కొట్టులో చదివాను. చదువుతూ నవ్వి, నవ్వుతూ స్టూలు మీంచి పడ్డాను. పక్కనున్న బకెట్ల దొంతర నా మీద పడింది. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఏమైందంటే ఏం చెప్పను? మా వియ్యంకుడు జింకలకి కంచె కడుతున్నాడని చెప్పాను. వాళ్ళూ నవ్వారు.

జింకు అండీ, జింకు! నా కొట్టులో రేకు మీద తెల్లగా మెరిసే పూత ఉంటుందే, బకెట్టు తుప్పు పట్టకుండా కాపాడుతుందే, అది! ప్రపంచంలో అందరూ జింకకి కొమ్ములు పెడతారు. మీరొక్కరే కొమ్ము పీకి జింకని చేశారు! అంత చదువు చదివి!

మీరు చూడనన్న ఆ రెండో చీటీలో అది రాసింది ఇదీ. చెట్టు ఒంట్లో కొమ్మని సాగదీసే రసం ఒకటి తయారవుతుందట. జింకు ఉంటేనే ఆ రసం ఊరుతుంది. లేకపోతే కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం తగ్గిపోయి, ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి, మధ్యలో పసుపెక్కుతుంది. పువ్వులో పుప్పొడి బలహీనపడి గింజ నిలవదు. చిటికెడు చాలట చెట్టుకి. ఆ చిటికెడే లేదు. ఇంత చెప్పిన పిల్లకి మీరు కొమ్ము గురించి చెప్పారు.

పెద్దమేష్టారుగా ఎన్ని వేల మంది పిల్లల తెలివికి ఎర్ర గీత పెట్టారో తలుచుకుంటే నాకు జాలేస్తోంది. వాళ్ళ మీద.

సరే, జింకు అన్నాక అది నా పని. మీరు కంగారుపడకండి. అల్లుడు ఆదివారం ఇటొచ్చినప్పుడు జింకు పూత మేకులు రెండు కిలోలు ఇచ్చి పంపుతున్నాను. చెట్టుకి ఆరు చొప్పున, మోకాలెత్తున దిగ్గొడితే చాలు. రసం వాటిని నాకి నాకి పైకి తీసుకుపోతుంది. అమ్మాయికి చెప్పలేదు. చూసి ఆశ్చర్యపోవాలి.

నడుం పట్టేసినా నవ్వాగని,
మీ వియ్యంకుడు


సెప్టెంబరు 14

వియ్యంకులవారికి,

మీరు చెప్పే లోహాన్ని తెలుగులో యశదము అంటారు. పాత విజ్ఞానశాస్త్ర వాచకాల్లో చూసుకోవచ్చు. యశదము అని రాసి ఉంటే నాకు తక్షణం అర్థమయ్యేది. పరాయి మాటకి ఒక కొమ్ము తగిలించి తెలుగనుకోమంటే తప్పు చదివినవాడిది కాదు. కంచె వృథా కాలేదు. మేకలు రావడం మానేశాయి.

మీ మేకుల సంగతి. మావాడు నాకు తెలియకుండా పదకొండు చెట్లకు దిగ్గొట్టాడు. పదకొండింటికీ బంక కారుతోంది. చీమలు పట్టాయి. తోట పక్కనుంచి వెళ్ళే ప్రతివాడూ ఆగి, "మేష్టారూ, ఈ చెట్లని చంపదలిచారా? గొడ్డలి తొందరగా పని చేస్తుంది కదా" అంటున్నాడు. నా జీవితంలో నన్నెవరూ వీధిలో నిలబెట్టి సలహా చెప్పలేదు.

మీ వృత్తి రేకులు. చెట్టు రేకు కాదు. ఈ తేడా తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదని నేననుకునేవాణ్ణి.

నేను ఆ తోటకి ఏం చేయలేదో చెప్పండి. ఏటా చెట్టుకి బుట్టెడు సున్నం, రెండు చేటల ఎముకల పొడి. పోయినేడు కాయలేదని ఈ ఏడు రెట్టింపు వేయించాను. ఎవరికైనా చూపిస్తాను, చెట్ల మొదళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

మేకులను కోడలు పటకారుతో తానే ఊడదీసింది. మీకు రాసి ఉంటుంది.

ఇట్లు,
పెద్దమేష్టారు (విశ్రాంత)


సెప్టెంబరు 22

బావగారికి,

రాసింది. రాయడం ఏమిటి, కడిగి ఆరేసింది. "నాన్నా, చెట్టుకి టంకం పెట్టడానికి బయల్దేరావా?" అంది. ఆ ఒక్క వాక్యం మా ఆవిడ నాకు రోజుకి నాలుగుసార్లు చదివి వినిపిస్తోంది. ఎప్పుడో కొందరు మేకులు కొట్టి చూసిన మాట నిజమేనట, కానీ ఎంత కరుగుతుందో ఎటు పోతుందో తెలియదు, పుండు మాత్రం ఖాయం అని రాసింది. తప్పు నాది. ఒప్పుకుంటున్నాను. చేతులెత్తి దండం పెడుతున్నాను. అయినా నేను పదకొండు చెట్లకే బుద్ధిలేని పని చేశాను. మీరు ఎనభై రెండింటికీ చేశారు.

ఆ సున్నం సంగతి చెబుతున్నాను, కూర్చుని చదవండి. మీ నేలలో జింకు లేక కాదట! ఉందట! మీరు బుట్టలకి బుట్టలు సున్నం పోసి, ఎముకల పొడిలో ఉండే భాస్వరం కూరి, ఆ జింకుని మట్టిలోనే బిగించేశారు. వేరు ఎదురుగానే ఉంటుంది, దానికి అందదు. చెట్టు ఆకలితో చిక్కిపోతుంటే మీరు తాళం మీద తాళం వేసి, మొదళ్ళు మెరుస్తున్నాయని మురిసిపోయారు. పైగా దానికి బద్ధకమని పేరు పెట్టారు!

ఇప్పుడు మట్టిలో వేసినా లాభం లేదట. నీళ్ళలో కరిగే జింకు ఉప్పు ఉంటుంది, దాన్ని ఆకు మీద పిచికారీ చేయాలి. అది కూడా లేత ఆకు మీద. పాత ఆకులో ఉన్న జింకు కొత్త ఆకుకి సరిగా నడిచి వెళ్ళదట. ఎవరి ఆకు వాళ్ళే చూసుకోవాలి. వానలు తగ్గి చిగురేస్తోంది, సమయం ఇదే, మళ్ళీ పూతకి ముందొకసారి. కొలతలు నాకు చెప్పలేదు. చెబితే మళ్ళీ ఏదో ఒకటి చేస్తావంది.

బావగారూ, సగం తోట ఇవ్వండి. ఆ తర్వాత మీరే చూద్దురు. ఇవ్వకపోతే అసలు పరీక్షకే కూర్చోనివ్వకుండా పిల్లని తప్పించినవారవుతారు. అలాంటి మేష్టారునని చెప్పుకోవడం మీకు ఇష్టమైతే సరే.

తల వంచుకున్నా నోరు మూసుకోని,
మీ వియ్యంకుడు


అక్టోబరు 11

వియ్యంకులవారికి,

తూర్పు వైపు నలభై ఒక్క చెట్లు ఇచ్చాను. మీ వాదనకి లొంగి కాదు. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే నా కళ్ళజోడు ఎక్కడుందో నాకు తెలియదు.

ఇప్పుడు ఫలితం వినండి. మందు కొట్టిన మర్నాటికే ఆకులన్నిటి మీదా తెల్లటి మచ్చలు. తోట మొత్తానికి బొల్లి వచ్చినట్టుంది. ఇంకో సంగతి. నేల మీది సున్నం విషమని మీతో రాయించిన కోడలు, అదే సున్నాన్ని బకెట్టులో తన చేత్తో కలపడం నేను కిటికీలోంచి చూశాను. తండ్రికి మేకులు, కూతురికి సున్నం. మీ ఇంట్లో ఒక మాట మీద ఎవరైనా నిలబడతారా?

కోడలు పనికి వెళ్ళాక ఇద్దరు మనుషులను పెట్టి, మొదటి వరుస అయిదు చెట్ల ఆకులనూ తడిగుడ్డతో తుడిపించాను. రెండో వరుస మొదలుపెట్టేసరికి మా ఆవిడ వచ్చి నిచ్చెన తీసుకుపోయింది.

ఆ సాయంత్రం కోడలు ఆ అయిదు చెట్ల దగ్గర కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నా బల్ల మీద చీటీలు రావడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇట్లు,
పెద్దమేష్టారు (విశ్రాంత)


అక్టోబరు 19

బావగారికి,

తుడిపించారా? ఆకుల్ని? గుడ్డతో? అది నల్లబల్ల అనుకున్నారా, గంట కొట్టగానే తుడిచేయడానికి?

నాకు కోపం వస్తే నవ్వొస్తుంది, నవ్వొస్తే కలం పరిగెడుతుంది. అక్షరాలు వంకరగా ఉంటే అందుకు. ఆ తెల్లమచ్చ రోగం కాదు, మందు ఆరిన చార. జింకు ఉప్పు ఉత్తదే కొడితే లేత ఆకు మాడుతుంది. ఆ ఘాటు విరగడానికి కాస్త సున్నం తేట కలుపుతారు. నేల మీద బుట్టెడు వేయడం వేరు, బకెట్టులో గుప్పెడు వేయడం వేరు. కూరలో ఉప్పు వేస్తారని ఉప్పుబస్తా మీద కూర్చుని తింటామా? ఆకులోంచి నేరుగా లోపలికి పోతుంది కాబట్టి మట్టిలో మీరు వేసిన తాళాలతో దానికి పని లేదు. ఇంత సంగతి పక్క గదిలో ఉన్న మనిషిని అడిగితే తెలిసేది. మీరు కిటికీలోంచి చూశారు.

పరీక్షశాలలో వాళ్ళ పెద్దాయన దాని లెక్కలు చూసి ఇంకో రెండు తోటల ఆకులు దాని చేతికే ఇచ్చాడట. ఎగిరి గంతేశాను. నా వయసుకి గంతు వేయకూడదు, వేశాను. కానీ అదే ఉత్తరంలో చివర ఒక ముక్క రాసింది. "ఎలాగూ ఏప్రిల్ దాకా ఉందిగా నాన్నా" అని. అది చదివాక ఆ పూట కత్తెర పట్టుకుంటే రేకు ఒంకరగా తెగింది.

ఆ పిల్ల నా ఇంట్లో ఏదైనా చెబితే నేను వినేవాణ్ణి. సగం అర్థమయ్యేది కాదు, అయినా వినేవాణ్ణి. మీకు అంతా అర్థమవుతుంది, వినరు. మనిద్దరిలో చదువుకున్నవారు ఎవరో నాకు ఈ మధ్య సందేహంగా ఉంది.

మిగిలిన ముప్పై ఆరింటి మీద చేయి వేయకండి. నిచ్చెన దాచిన చెల్లెమ్మగారికి నా నమస్కారం.

మీ వియ్యంకుడు


మార్చి 25

వియ్యంకులవారికి,

ఫలితాలు తెలియజేయడం నా ధర్మం కనుక రాస్తున్నాను.

పూతకి ముందు రెండోసారి కూడా మందు పడిన తూర్పు వైపు ముప్పై ఆరు చెట్లకు గింజ నిండుగా పట్టింది. కొత్త కొమ్మ జానెడు సాగింది. ఆకు నా అరచేతిని దాటింది. కొలబద్ద పెట్టి నేనే కొలిచాను. రెండుసార్లు. తుడిపించిన అయిదు చెట్లూ, పడమటి నలభై ఒకటీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఇందులో కంచె పాత్రను కాదనలేం. పడమటి వైపు కూడా అదే కంచెలో ఉంది కదా అని మా ఆవిడ అంది. ఆమెను నేను అడగలేదు.

ఇక షరతు. నేను పెట్టింది ఎనభై రెండు చెట్లకు. కాసినవి ముప్పై ఆరు. ఆ నిష్పత్తి ప్రకారం కోడలు వారానికి రెండున్నర రోజులు ఉద్యోగం చేసుకోవచ్చు. నేను అన్యాయం చేసే మనిషిని కాను.

పడమటి చెట్లు ఇప్పుడు చిగురిస్తున్నాయి. రంపం వాళ్ళు మూడో తేదీ ఉదయం వస్తారు. ఈలోగా ఆ మందు కొడితే వాటిని ఉంచవచ్చుననిపిస్తోంది. కానీ కోడలు బకెట్టులో ఏది ఎంత కలిపిందో నాకు తెలియదు. మా ఇద్దరి మధ్య చీటీలు ఆగి అయిదు నెలలైంది. కావలసిన సామాను కొట్టు గదిలోనే ఉంది. కొలత మీకు ఈపాటికి చెప్పే ఉంటుంది. ఒక కార్డు మీద రాసి పంపితే చాలు. తప్పులున్నా ఫరవాలేదు.

ఇట్లు,
పెద్దమేష్టారు (విశ్రాంత)


మార్చి 29

బావగారికి,

ముప్పై ఆరు! నిండుగా! మీ చేత్తో రాశారు! ఆ ఉత్తరం కొట్టు తలుపుకి అంటించాను. కూరగాయలకి వెళ్ళేవాళ్ళు ఆగి చదువుతున్నారు. చదువు రానివాళ్ళకి నేనే చదివి వినిపిస్తున్నాను. కొలబద్ద దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం రెండుసార్లు చదువుతున్నాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన కొలబద్దతో కొలిచాడంటే చెట్టు నిజంగా పెరిగినట్టే" అంది.

కొలత నాకు తెలుసు. పోయిన నెలలో చెప్పింది, నా మీద నమ్మకం కుదిరి. పంపను.

అవును, పంపను. నలభై ఒక్క చెట్లు పోతే పోనివ్వండి. మీ చెట్లు, మీ రంపం, మీ బట్టీ. మీ కోడలు మీ గోడకి అవతల ఉంది. మీ అన్నం వడ్డిస్తుంది, మీ తోటని బతికించింది. దాన్ని ఒక మాట అడగడానికి తొంభై మైళ్ళ అవతల ఉన్న రేకుల మేస్త్రీకి ఉత్తరం రాసి, పోస్టు డబ్బాలో వేసి, నాలుగు రోజులు ఎదురుచూసే మనిషిని ఏమనాలో నాకు తెలియదు. నాకు వచ్చిన మాటలు చాలవు. మీకు వచ్చినవాటిలో చూసి ఒకటి పెట్టుకోండి.

రెండున్నర రోజులట! మీ నిష్పత్తి మీరే ఉంచుకోండి. ఆరు రోజులు వెళుతుంది. వెళ్ళనిస్తేనే కొలత చెప్పమని నేను దానికి రాయలేదు. అలా రాయాలని బుద్ధి పుట్టింది, కానీ అది నాలాంటిది కాదు. అడిగితే చెప్పేస్తుంది, వెంటనే. ఎవరు అడిగినా చెబుతుంది. పరీక్షశాల వరండాలో ఎవరెవరో ఆకు పట్టుకుని అడిగితే చెబుతోంది. మీరొక్కరే అడగలేదు.

అది ఏడున్నరకి గడప దాటుతుంది. ఏడింటికి చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. అప్పుడు అడగండి. చీటీ కాదు. నోటితో.

ఇంత సంతోషం ఎప్పుడూ ఎరగని,
మీ వియ్యంకుడు


ఏప్రిల్ 3

బావగారికి,

అడిగాను.

చెప్పలేదు. "నేను పక్కన నిలబడతాను, మీరే కలపండి మావయ్యగారూ. రేపు నేను పనిలో ఉన్నప్పుడు మీకు రావాలి కదా" అంది. ఆరు రోజులూ వెళ్తానన్న సంగతి అలా చెప్పింది. నేను కాదనలేదు. నా చేతిలో బకెట్టు ఉంది.

కలిపాను. సున్నం తేట ఎక్కువైందని పారబోయించింది. మళ్ళీ కలిపాను. మళ్ళీ పారబోయించింది. మూడోసారి వంగి చూసి, ఊఁ అంది.

రంపం వాళ్ళు గేటు దగ్గర గంటసేపు నిలబడి మమ్మల్ని చూసి, వెళ్ళిపోయారు.

ఇట్లు,
మీ వియ్యంకుడు